సిపాయి ఆఫీసర్ అవ్వగలడా? నవీపేట నుంచి డెహ్రాడూన్ దాకా ఒక చిన్న తలుపు కథ

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి చేద్దాం చేద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్నా. ఎందుకు వాయిదా వేశానో చివర్లో చెప్తా.

మాది నవీపేట. శనివారం మేకల సంత అంటే చాలామంది గుర్తుపడతారు. ఒకప్పుడు బోధన్ వైపు చెరుకు బండ్లు పోతుంటే వెనకాల నుంచి గడలు గుంజుకుని తిన్న బ్యాచ్ మాది. నేను, నా దోస్త్ ఒకడు, ఇద్దరం ఇంటర్ దాకా కలిసే చదివాం. తర్వాత నేను బీటెక్ వైపు పోయా, వాడు ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగెత్తి సిపాయి అయిండు. పేరు చెప్పను. వాడికి ఇష్టం ఉండదు.

వాడు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, సంత పక్కన చాయ్ తాగుకుంట ఒక మాట అన్నడు. "అరేయ్, నేను ఆఫీసర్ ఎగ్జామ్ రాస్త." నేను నవ్విన. "నువ్వు ఆల్రెడీ మిల్ట్రీల ఉన్నవ్ కదరా, మళ్ళీ ఎగ్జామ్ ఏంది?" అన్న. అప్పుడు నాకు తెలిసింది అంతే. మీలో కూడా చాలామందికి అంతే తెలిసి ఉంటుంది. అందుకే మొదటి నుంచి మొదలుపెడదాం.

ఒకే క్యాంపు, రెండు తలుపులు

ఆర్మీలోకి పోవడానికి రెండు వేరే వేరే తలుపులు ఉంటాయి. ఒకటి సిపాయి తలుపు. అందులోంచి పోతే సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. ఆ పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. వీళ్ళని జేసీవోలు అంటారు. రెండోది ఆఫీసర్ తలుపు. అందులోంచి 21, 22 ఏళ్ళ పిల్లగాడు లోపలికొస్తే మొదటి రోజే లెఫ్టినెంట్. ఇరవై ఐదేళ్ళు సర్వీస్ చేసిన సుబేదార్ మేజర్ సాబ్ కూడా ఆ పిల్లగాడికి సెల్యూట్ కొట్టాలి.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది ప్రమోషన్ కాదు. సిపాయి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుకుంట పోతే ఆఫీసర్ దగ్గర తేలం. మెట్లు సుబేదార్ మేజర్ దగ్గర అయిపోతాయి. రిటైర్మెంట్ దగ్గర కొందరు జేసీవోలకి ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ హోదా ఇస్తారు. అది గౌరవం. కానీ దాంతో కంపెనీని నడిపే అధికారం రాదు.

మరి ఈ గోడ ఎవరు కట్టారు? గోడలో తలుపు ఎవరు పెట్టారు? ఇదే ఈరోజు కథ.

తిలంగా అంటే ఎవరు?

మీకు తెలుసా, ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయిని "తిలంగా" అనేవాళ్ళు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా అక్కడి జనం తిలంగాలనే పిలిచారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ వైపు వాళ్ళు. మన భాష ఒక్క ముక్క రాదు. మరి ఆ పేరెందుకొచ్చింది? ఈస్టిండియా కంపెనీ మొదట్లో తయారుచేసుకున్న సిపాయిల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. క్లైవ్ మద్రాస్ నుంచి బెంగాల్‌కి తీసుకుపోయిన పటాలాల్లో వాళ్ళున్నారు. ఆ డ్రెస్సు వేసుకుని, ఆ తుపాకీ పట్టుకున్నోడెవడైనా జనం నోట్లో "తిలంగా" అయిపోయాడు. అంటే ఒక కాలంలో సిపాయి అన్న పదానికి అర్థమే తెలుగువాడు.

కానీ ఎంత పోరాడినా పైమెట్టు సుబేదారే. ఆఫీసర్ కమిషన్ తెల్లవాళ్ళది. మనవాళ్ళకి ఇచ్చేది వైస్రాయ్ కమిషన్. జమేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్, అంతే. ఇంగ్లండ్ నుంచి కొత్తగా దిగిన కుర్ర తెల్ల ఆఫీసర్ కింద, వాడి వయసుకి రెండింతల సర్వీస్ ఉన్న సుబేదార్ పనిచేసేవాడు. ఇందాక చెప్పిన గోడ ఇదే.

దాని మీద ఇంకో దెబ్బ పడింది. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు "మార్షల్ రేసెస్" అని ఒక సిద్ధాంతం పట్టుకున్నారు. కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాల వాళ్ళే యుద్ధానికి పుట్టారంట, మిగతావాళ్ళు పనికిరారంట. 1880ల్లో మద్రాస్ సైన్యానికి, తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయిన లార్డ్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మాడు. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు పైకొచ్చారు. తెలుగు, తమిళ సిపాయిల భర్తీ తగ్గుకుంట పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మళ్ళీ పిలిచారు. యుద్ధం అయిపోయాక మళ్ళీ పంపించేశారు. 1928 నాటికి మద్రాస్ రెజిమెంట్‌నే రద్దు చేసి పడేశారు. తిలంగా అన్న పేరు మాత్రం మిగిలింది. మద్రాస్ శాపర్స్ లాంటి చోట్ల కొందరు ఉన్నారు కానీ, పదాతి దళంలో మనవాళ్ళ లైన్ దాదాపు తెగిపోయింది.

ఈ 1928ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

దర్జీ కొడుకు ఫీల్డ్ మార్షల్ అయ్యాడు

మనకి గోడ కట్టినోళ్ళ ఇంట్లో ఎట్లుండేదో కూడా చూద్దాం. బ్రిటిష్ సైన్యంలో 1871 దాకా ఆఫీసర్ పోస్టుని డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళు. నిజంగానే. పదాతి, అశ్వ దళాల్లో ఏ ర్యాంకుకి ఎంత అని రేటు ఉండేది. 1871లో ఆ కొనుగోలు ఆగింది. ఆగినా ఆఫీసర్లు పెద్దింటి పిల్లలే. జీతం కంటే ఖర్చు ఎక్కువ, ఇంటి నుంచి డబ్బు రాకపోతే బతకలేరు.

ఆ టైమ్‌లో, 1877లో, విలియం రాబర్ట్‌సన్ అని ఒక పిల్లాడు మామూలు సిపాయిగా చేరాడు. తండ్రి ఊళ్ళో దర్జీ, పోస్టాఫీస్ కూడా చూసుకునేవాడు. కొడుకు సిపాయి అయిండని తల్లికి నామోషీ. పదకొండేళ్ళ తర్వాత, 1888లో, అతనికి ఆఫీసర్ కమిషన్ దొరికింది. ఇంగ్లండ్‌లో ఆఫీసర్‌గా బతకడానికి డబ్బు సరిపోదు కాబట్టి ఇండియాలో ఉన్న రెజిమెంట్‌కి వచ్చాడు. ఇక్కడ కూర్చుని ఉర్దూ, పర్షియన్, పంజాబీ, పష్తో ఇట్లా ఒక్కో భాషా నేర్చుకుంట పరీక్షలు పాసయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మొత్తం బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయ్యాడు. 1920లో ఫీల్డ్ మార్షల్. అట్టడుగు సిపాయి నుంచి ఫీల్డ్ మార్షల్ దాకా పోయినోడు బ్రిటిష్ సైన్యం చరిత్రలో అతనొక్కడే.

ఒక్కడు పోయాడంటే దారి ఉన్నట్టా? కాదు. వందల ఏళ్ళలో ఒక్కడే పోయాడంటే దారి లేనట్టే లెక్క. దారి అంటే అసాధారణమైన మనిషి మాత్రమే కాదు, కొంచెం గట్టిగా కష్టపడే మామూలు మనిషి కూడా నడవగలగాలి.

40 మందిలో 15

మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మంది భారతీయులు పోరాడారు. ఆ ఒత్తిడికి 1917, 1918 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ అకాడమీలో ఏటా 10 సీట్లు భారతీయులకి ఇచ్చారు. మొత్తం దేశానికి పది. అక్కడికి పోవాలంటే ఇంగ్లీష్, డబ్బు, పలుకుబడి మూడూ కావాలి. సిపాయి కొడుక్కి అది అందేది కాదు.

దేశంలోనే అకాడమీ కావాలని గొడవ పెరిగింది. చివరికి 1932 అక్టోబర్ 1న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ మొదలైంది. మొదటి బ్యాచ్ 40 మంది. ఈ 40ని ఎట్లా పంచారో చూడండి. 15 సీట్లు ఓపెన్ పోటీ పరీక్షకి. 10 సీట్లు సంస్థానాల సైన్యాలకి. మిగతా 15 సీట్లు ఆర్మీలో ఆల్రెడీ పనిచేస్తున్న సిపాయిలకి.

అంటే మొదటి రోజు నుంచే, పరీక్ష రాసి వచ్చేవాళ్ళకి ఎన్ని సీట్లో, కింది ర్యాంకుల నుంచి వచ్చేవాళ్ళకి కూడా అన్నే సీట్లు.

బ్రిటిష్ వాళ్ళకి సిపాయిల మీద ప్రేమ పొంగిపొర్లి ఇచ్చారా? అంత సీన్ లేదు. కాలేజీల్లో చదివిన పట్నం పిల్లలంటే వాళ్ళకి అనుమానం. ఎక్కడ స్వాతంత్ర్యం, గాంధీ అంటారో అని. తరతరాలుగా సైన్యంలో ఉన్న ఊరి కుటుంబాల పిల్లలైతే విధేయంగా ఉంటారని లెక్క. లెక్క ఏదైనా తలుపు తెరుచుకుంది.

ఆ తలుపులోంచి ఎవరొచ్చారో చూడండి. ఆ మొదటి బ్యాచ్‌లో ముగ్గురు తర్వాత మూడు దేశాల సైన్యాధిపతులయ్యారు. ఒకరు మనకి బాగా తెలిసిన సామ్ మానెక్‌షా, డాక్టర్ గారబ్బాయి. రెండో ఆయన మహమ్మద్ మూసా, క్వెట్టా వైపు హజారా మనిషి, పాకిస్తాన్ సైన్యాధిపతి. 1965 యుద్ధంలో అవతలి వైపు ఉన్నది ఆయనే. మూడో ఆయన స్మిత్ డన్, బర్మాకి చెందిన కరెన్ మనిషి, 1948లో స్వతంత్ర బర్మా సైన్యాధిపతి. ఈ ముగ్గురిలో మూసా, స్మిత్ డన్ ఇద్దరూ సిపాయిగా మొదలైనవాళ్ళే. ఒకరు 1926లో చేరారు, ఒకరు 1924లో. సిపాయి ఆఫీసర్‌గా పనికిరాడన్న వాదనకి మొదటి బ్యాచే జవాబు చెప్పేసింది.

ఇప్పుడు ఆ 1928 దగ్గరికి వద్దాం. 1932లో సిపాయిలకి 15 సీట్లు తెరిచారు. ఆ సీట్లు కావాలంటే ముందు సిపాయి అయి ఉండాలి కదా. అప్పటికి నాలుగేళ్ళ ముందే మద్రాస్ రెజిమెంట్‌ని మూసేశారు. తలుపు తెరిచే టైమ్‌కి మనోళ్ళు వాకిట్లో కూడా లేరు. ఇక మన నిజామాబాద్ అయితే బ్రిటిష్ ఇండియాలోనే లేదు, నిజాం రాజ్యం. మద్రాస్ రెజిమెంట్ మళ్ళీ లేచింది రెండో ప్రపంచ యుద్ధంలోనే. "మన దగ్గర మిల్ట్రీ ఆఫీసర్లు తక్కువ ఎందుకు" అని అడిగితే, ధైర్యం లేక అనే జవాబు తప్పు. ఎవరికి ఏ తలుపు ఎప్పుడు తెరిచారన్నది కూడా చూడాలి.

నౌగాంగ్, పుణె, డెహ్రాడూన్

సిపాయిని ఉన్నపళంగా తీసుకుపోయి అకాడమీలో కూర్చోబెడితే చదువులో తట్టుకోవడం కష్టం. అందుకు ఒక కాలేజీ ఉండేది. మధ్యప్రదేశ్‌లోని నౌగాంగ్‌లో 1929లో మొదలైన కిచెనర్ కాలేజ్. స్వాతంత్ర్యం వచ్చాక, 1960 మే 16న, అదే ఆర్మీ క్యాడెట్ కాలేజ్ అయింది. షార్ట్‌గా ఏసీసీ. 1964లో పుణెకి, 1977లో డెహ్రాడూన్‌కి మారింది. ఇప్పుడు ఐఎంఏలోనే ఒక వింగ్.

ఇట్లా కింది నుంచి వచ్చిన ఆఫీసర్ల గురించి ఒక్క పేరు చెప్పమంటే నేను హోషియార్ సింగ్ అంటా. హర్యానాలో సిసానా అనే ఊరు. 1957లో సిపాయిగా చేరాడు. 1963లో గ్రెనేడియర్స్‌లో ఆఫీసర్ అయ్యాడు. 1971 డిసెంబర్‌లో బసంతర్ నది దగ్గర జర్పాల్ అనే చోట మేజర్‌గా తన కంపెనీని నడిపించాడు. ఒంటి మీద గాయాలున్నా వెనక్కి పోనని ఒక్కో ట్రెంచ్ దగ్గరికీ తిరిగి జవాన్లకి ధైర్యం చెప్పాడు. ఆ యుద్ధంలో నలుగురికి పరమవీర చక్ర వస్తే, బతికుండగా అందుకున్నది ఆయనొక్కడే.

ఇప్పుడు ఎట్లా ఉంటది?

ఏసీసీకి అప్లై చేయాలంటే ఇంటర్ పాసై ఉండాలి, కనీసం రెండేళ్ళ సర్వీస్ ఉండాలి, వయసు 20 నుంచి 27 మధ్య ఉండాలి. నేవీ, ఎయిర్‌ఫోర్స్ జవాన్లు కూడా రాయొచ్చు. సర్వీస్ రికార్డు శుభ్రంగా ఉండాలి, అప్లికేషన్ యూనిట్ ద్వారానే పోవాలి. ముందు రాత పరీక్ష. అందులో ఇంగ్లీష్ కూడా ఉంటది. అది పాసైతే ఎస్‌ఎస్‌బీ, ఐదు రోజులు. అది దాటి మెడికల్, మెరిట్ అన్నీ అయితే మూడేళ్ళు ఏసీసీలో డిగ్రీ చదువు. డిగ్రీ జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీది. తర్వాత ఒక ఏడాది ఐఎంఏ. చివర్లో అంతిమ పగ్ దాటి బయటికొస్తే భుజం మీద రెండు నక్షత్రాలు, లెఫ్టినెంట్.

ఇట్లాంటి తలుపు వేరే దేశాల్లో కూడా ఉంది. అమెరికాలో వెస్ట్ పాయింట్ అకాడమీలో సైనికులకి, రిజర్వ్, నేషనల్ గార్డ్ వాళ్ళకి కలిపి ఏటా 170 సీట్ల దాకా పక్కన పెడతారు. అక్కడ కూడా వయసు పరిమితి ఉంది. మన దగ్గర 27.

ఎస్‌ఎస్‌బీ గురించి రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆఫీసర్‌ని ఎంచడమంటే పెద్దాయన ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలడగడమే. ఎవరి కొడుకువి, ఏ స్కూల్, ఇట్లా. యుద్ధంలో ఆ పద్ధతి దెబ్బతింది. సైకాలజిస్టులతో కలిసి కొత్త పద్ధతి బ్రిటన్‌లో తయారైంది, 1943లో మన దేశానికొచ్చింది. మొదటి రోజు మసకగా ఉన్న ఒక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు. దాని మీద నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. తర్వాత గుంపులో కూర్చుని ఆ కథ చెప్పి, చర్చించి, అందరూ కలిసి ఒక కథకి రావాలి. పుట్టుక కాకుండా మనిషిని చూడాలని పెట్టిన పద్ధతి ఇది. మంచిదే. కానీ మనిషిని చూడాలంటే మనిషి నోరు విప్పాలి కదా. మా వాడి కథ అక్కడే ఆగింది.

27

మా వాడు మొదటిసారి రాసినప్పుడు రాత పరీక్షలో ఇంగ్లీష్ దగ్గర పోయింది. మేమిద్దరం తెలుగు మీడియంలో చదివినోళ్ళం. నేను బీటెక్‌లో నాలుగేళ్ళు, ఉద్యోగంలో రోజూ మీటింగుల్లో తిప్పలు పడి ఇంగ్లీష్ పట్టుకున్న. వాడి నాలుగేళ్ళు ఎక్కడ పోయాయి? చలిలో, డ్యూటీలో.

ఫోన్ చేసి అన్నడు. "అరేయ్, రోజూ పది నిమిషాలు నాతోని ఇంగ్లీష్‌ల మాట్లాడు రా. తప్పులు చెప్పు. ఇంకేం వద్దు." సరే అన్న. మొదటి వారం మాట్లాడినం. తర్వాత నాకు రిలీజ్ ఉండె, తర్వాత ఇంకేదో ఉండె. వాడికి సిగ్నల్ దొరికేది రాత్రి ఒక అరగంట. ఆ అరగంటలో నా ఫోన్ మోగేది. "రేపు చేస్తా" అని మెసేజ్ పెట్టేటోన్ని. మెల్లగా వాడే ఫోన్ చేయడం మానేసిండు. ఒక్క మాట అనలే.

రెండోసారి రాత పరీక్ష సొంతంగా పాసయ్యిండు. ఎస్‌ఎస్‌బీకి పోయిండు. మొదటి రోజు మసక బొమ్మ చూపించిండ్రు. వాడికి అందులో మన శనివారం సంత కనిపించిందంట. ఎండకి ఒక ముసలాయన పడిపోతే, ఒక పిల్లగాడు మేకల్ని ఒకరికి అప్పజెప్పి, టెంపో మాట్లాడి ఆస్పత్రికి తీసుకపోయిండని కథ రాసిండు. బాగా రాసిన్నని ఇప్పటికీ అంటడు. కానీ గుంపులో చెప్పాల్సి వచ్చినప్పుడు, పక్కనోళ్ళు గడగడ మాట్లాడుతుంటే, వీడు రెండు వాక్యాల తర్వాత ఆగిపోయిండు. సాయంత్రానికి తిరుగు టికెట్.

ఇంకో ఛాన్స్ కోసం చూసేలోపు పోస్టింగ్ మారింది. 27 దాటింది. వాడి దృష్టిలో ఏసీసీ తలుపు మూసుకుంది.

ఇందుకే ఈ ఎపిసోడ్ వాయిదా వేస్తూ వచ్చిన. వాడు నా వల్లే ఫెయిలయ్యిండని నేను అనను, అట్లంటే వాడి కష్టాన్ని కూడా తక్కువ చేసినట్టే. కానీ రోజుకి పది నిమిషాలు అడిగిండు. నేను ఇయ్యలే. అది నిజం.

ఈ లెక్క ఒకసారి చూడండి. 19 ఏళ్ళకి చేరినోడు ట్రైనింగ్, రెండేళ్ళ సర్వీస్ అయ్యేసరికి 21, 22. అక్కడి నుంచి 27 దాకా చేతిలో ఉన్నది ఐదారేళ్ళు. అందులోనే పోస్టింగులు, డ్యూటీలు, చెల్లె పెండ్లి, ఇంటి అప్పు. తలుపు 1932 నుంచి ఉంది. దాని దాకా పోయే తొవ్వలో మాత్రం సిపాయి ఒక్కడే నడవాలి.

కొమన్‌పల్లి

ఒక్క విషయం చెప్పి ముగిస్తా. 2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో కాల్పులు జరిగాయి. మన నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కొమన్‌పల్లికి చెందిన సిపాయి ర్యాడ మహేశ్ అందులో అమరుడయ్యాడు. ఆయనతో పాటు చిత్తూరు జిల్లా హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి, బీహార్‌కి చెందిన కెప్టెన్ ఆశుతోష్ కుమార్. ముగ్గురిదీ మద్రాస్ రెజిమెంట్ 18వ బెటాలియన్. ఒక సిపాయి, ఒక హవల్దార్, ఒక కెప్టెన్. పనికిరారని 1928 నాటికి మూసేసిన రెజిమెంట్ పేరు మీదే పోరాడారు.

సిపాయి అంటే ఆఫీసర్ కాలేనోడు అని ఎవరైనా అంటే నాకు వీళ్ళు గుర్తొస్తారు. సిపాయిగానే ఉండిపోవడం ఓటమి కాదు. కానీ కావాలనుకున్నోడికి ఇంకో తలుపు ఉందని తెలియకపోవడం, తెలిసినా తోడు దొరకకపోవడం మాత్రం మన తప్పే.

మా వాడు ఇప్పుడు హవల్దార్. యూనిట్‌లో ఇద్దరు చిన్న పిల్లలు ఏసీసీకి చదువుతున్నరంట, ఒకడు మన తెలుగోడే. పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వెట్లాగూ వీడియోల్ల గంటలు గంటలు మాట్లాడుతవ్ కదా, వీళ్ళతోని జర ఇంగ్లీష్‌ల మాట్లాడు" అన్నడు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, సిగ్నల్ ఉన్న రోజు. మూడు వారాలైంది, ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా తప్పలే. మసక బొమ్మలు చూపించి కథలు చెప్పిస్తున్న.

మీ ఊళ్ళో, మీ చుట్టాల్లో ఆర్మీలో ఉన్న 20 నుంచి 27 ఏళ్ళ అన్నగానీ తమ్ముడుగానీ ఉంటే ఈ వీడియో పంపండి. పంపి ఊరుకోకండి, ఇంగ్లీష్ వచ్చినోళ్ళయితే పది నిమిషాలు ఫోన్ చేయండి. "రేపు చేస్తా" అని మాత్రం మెసేజ్ పెట్టకండి.

ఉంటా ఫ్రెండ్స్. వచ్చే వారం కలుద్దాం.